ఇంతకీ ఆ బొటనవేలే ఎందుకడిగినట్టు?

పోయిన వేసవిలో మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక జోకు తిరిగింది. ద్రోణాచార్యుడికి అసలు విలువిద్యే రాదట. ఒలింపిక్స్‌లో చూడండి, అందరూ చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు పెట్టి నారి లాగుతారు, బొటనవేలు ఖాళీగా కూర్చునుంటుంది. అలాంటప్పుడు ఏకలవ్యుడు బొటనవేలు కోసిచ్చి పోగొట్టుకున్నదేంటి? గురువుగారు రిక్వైర్‌మెంట్స్ సరిగ్గా రాసుకోకుండా తప్పు పార్టు అడిగారన్నమాట! కింద వరసగా నవ్వు బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, లాజిక్ బానే ఉందనిపించింది.

రెండువారాల తర్వాత మామిడికాయల సీజన్లో ఊరెళ్ళాను. మాది మైలవరం. తెలియనివాళ్ళకి గుర్తులు చెప్తాను. బెజవాడ నుంచి తిరువూరు వెళ్ళే రోడ్డులో కొండపల్లి దాటి, జి.కొండూరు దాటి వస్తే తగుల్తుంది. 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. మీరు హైదరాబాదులో నూజివీడు రసాలని కొనుక్కునేవాటిల్లో మా చుట్టుపక్కల కాయ కూడా ఉంటుంది. కష్టం మాది, పేరు నూజివీడుది. (ఈ గొడవ ఇంకోసారి మాట్లాడుకుందాం.)

అప్పటికి బాబాయి వాళ్ళమ్మాయి కూడా సెలవులకి వచ్చి ఉంది. ఇంటర్ చదువుతూ బెజవాడలో ఆర్చరీ నేర్చుకుంటోంది. బెజవాడలో ఇప్పుడు ఆర్చరీ నేర్చుకోవడం వింతేం కాదు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చిన వెన్నం జ్యోతి సురేఖ ఆ ఊరమ్మాయే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీంలో కాంస్యం అంచుదాకా వెళ్ళి నాలుగో స్థానంతో వెనక్కొచ్చిన బొమ్మదేవర ధీరజ్‌దీ ఆ ఊరే. మా చెల్లి తన వేళ్ళకి తొడుక్కునే తోలుముక్క చూపించింది. ట్యాబ్ అంటారట. మూడు వేళ్ళకే ఉంది.

"మరి బొటనవేలికి?" అన్నాను.

"దానికేం పనిలేదు అన్నయ్యా. లోపలికి మడుచుకోవాలి. అడ్డం వస్తే మా కోచ్ తిడతారు."

సాక్ష్యం దొరికింది కదా అని ఆఫీసు జోకు చెప్పాను. అది పడీపడీ నవ్వింది. అరుగు మీద కూర్చుని కాయలు ఏరుతున్న తాతయ్య మాత్రం నవ్వలేదు. "బొటనవేలు అక్కర్లేదని ఎవర్రా అన్నది?" అన్నాడు.

తాతయ్య కుడిచేతికి బొటనవేలు లేదు. మొదట్లో చిన్న మొద్దు మాత్రం ఉంటుంది. నేను పుట్టకముందు చొప్ప నరికే మిషన్లో పోయింది. పుట్టినప్పట్నించీ చూస్తున్న చెయ్యి కాబట్టి, అందులో ఏదో లేదని నాకెప్పుడూ తోచలేదు. జోకు చెప్పేముందైనా తోచి ఉండాల్సింది. నాలిక్కరుచుకుని ఊరుకున్నాను. ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్లో చదవడం మొదలుపెట్టినవాణ్ణి ఆర్నెల్లు చదువుతూనే ఉన్నాను.

ముందు కథ దగ్గరికి వెళ్దాం. మనందరికీ గుర్తున్న కథ ఏంటి? మట్టిబొమ్మ, గురుభక్తి, రక్తం కారే చెయ్యి. మధ్యలో ఒక కుక్క ఉంటుంది, దాన్ని మాత్రం తొందరగా దాటేస్తాం. పాండవుల వేటకుక్క ఏకలవ్యుణ్ణి చూసి మొరుగుతుంది. అది నోరు మూసేలోపు ఏకలవ్యుడు దాని నోట్లోకి ఏడు బాణాలు వేస్తాడు. పాండవులు నోరెళ్ళబెట్టింది గురి చూసి మాత్రమే కాదు, వేగం చూసి. ఒక మొరుగుకీ ఇంకో మొరుగుకీ మధ్య ఏడు బాణాలు! అర్జునుడు ద్రోణుడి దగ్గరికెళ్ళి, నన్ను మించినవాడు ఉండడని మాటిచ్చారు కదా అని గుర్తుచేసింది దీని తర్వాతే.

ఇక వేలు ఇచ్చాక ఏమైంది? ఇక్కడే నాకు కరెంటు షాకు కొట్టినట్టయింది. వ్యాసభారతం ఆదిపర్వంలో, వేలు కోసిచ్చాక ఏకలవ్యుడు మిగిలిన వేళ్ళతో నారి లాగాడనే ఉంది. లాగాడు, బాణమూ వెళ్ళింది. కానీ మునుపటంత వేగం లేదు. అర్జునుడి మనసు కుదుటపడింది. అంటే మా ఆఫీసు జోకులో ఉన్న 'మూడు వేళ్ళతో కూడా వెయ్యొచ్చుగా' అన్న పాయింటు కథ రాసినవాళ్ళకి ముందే తెలుసు. దానికి జవాబు కూడా అక్కడే రాసిపెట్టారు. మనమే ఆ లైను చదవలేదు. ద్రోణుడు తప్పు పార్టు అడగలేదు. ఏ పార్టు తీస్తే సిస్టమ్ ఆగకుండా నెమ్మదిస్తుందో సరిగ్గా అదే అడిగాడు.

అయితే వేగం బొటనవేలిలో ఎందుకుంది? దీనికి విల్లు లాగే పద్ధతులు కొంచెం తెలియాలి. ఎడ్వర్డ్ మోర్స్ అని ఒక అమెరికన్ జంతుశాస్త్రవేత్త ఉండేవాడు. జపాన్‌లో పాఠాలు చెప్పాడు. పాశ్చాత్యుల బాణం పట్టుకి, అక్కడివాళ్ళ పట్టుకి ఉన్న తేడా చూసి ఆశ్చర్యపోయి, ప్రపంచంలో ఎవరెవరు నారిని ఎలా లాగి వదుల్తారో పోగేసి 1885లో ఒక వ్యాసం రాశాడు. నత్తల మీద పరిశోధన చేసుకునే మనిషి ఇందులోకి దిగాడంటే చూడండి. ఆయన పెట్టిన పేర్లే ఇప్పటికీ నడుస్తున్నాయి. బాణం చివరని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కిపట్టి లాగడం అన్నిటికన్నా సులువైంది, పిల్లలు తమంతట తామే చేసేది. రెండు మూడు వేళ్ళని కొక్కెంలా వంచి లాగడం మధ్యధరా పద్ధతి. ఇవాళ ఒలింపిక్స్‌లో చూసేది ఇదే. బొటనవేలిని నారి చుట్టూ వంచి, దానిమీద చూపుడువేలితో తాళం వేసి లాగడం మంగోలియన్ పద్ధతి. పేరు మంగోలియన్ అయినా చైనా, కొరియా, జపాన్, మధ్య ఆసియా, పర్షియా, టర్కీ, మనదేశం అన్నీ ఇందులోకే వస్తాయి. ఆసియాలో పెద్ద పెద్ద సైన్యాల విలువిద్యంతా దాదాపు బొటనవేలి మీదే నడిచిందన్నమాట.

ఈ బొటనవేలి తాళానికి అరబ్బు విలువిద్య పుస్తకాల్లో ఉన్న పేరు వింటే ప్రోగ్రామర్లకి నచ్చుతుంది. దాన్ని 'అరవైమూడు' అంటారు. పూర్వం అక్కడ రెండు చేతుల వేళ్ళ మీద 9,999 దాకా లెక్కపెట్టే పద్ధతి ఉండేది. చిటికెన, ఉంగరం, మధ్యవేళ్ళు మడిస్తే మూడు. బొటనవేలు వంచి దానిమీద చూపుడువేలు వేస్తే అరవై. రెండూ కలిపితే విల్లు లాగే పిడికిలి. గురువు శిష్యుడితో 'అరవైమూడు పట్టు' అంటే చాలు, ఐదువేళ్ళూ ఎక్కడుండాలో తెలిసిపోయేది. చెయ్యినే ఎన్‌కోడింగ్ చేసేశారు.

ఈ పద్ధతిలో లాభమేంటంటే, విల్లు పొట్టిదైతే పూర్తిగా లాగినప్పుడు నారి బాణం దగ్గర బాగా ముడుచుకుపోతుంది. అక్కడ మూడు వేళ్ళుంటే నలుగుతాయి. బొటనవేలు ఒక్కటే కాబట్టి ఇరుకులో ఇమిడిపోతుంది. చెవి దాటి వెనక్కి లాగొచ్చు. వదిలేటప్పుడు మూడు వేళ్ళు ఒకేసారి తెరుచుకోవాల్సిన పని లేదు, చూపుడువేలు సడలిస్తే చాలు, నారి తనంతట తాను బొటనవేలిని తోసుకుని జారిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది బాణం ఉండే వైపు. కుడిచేత్తో లాగేవాడు బొటనవేలి పద్ధతిలో బాణాన్ని వింటికి కుడిపక్కన పెడతాడు. చూపుడువేలి పక్క భాగం దాన్ని వింటి మీదకి ఒత్తిపెడుతుంది. గుర్రం ఎగిరినా, పక్కకి తిరిగినా బాణం పడిపోదు. అమ్ములపొదిలోంచి తీసిన చెయ్యి విల్లు చుట్టూ తిరగకుండా నేరుగా వచ్చి నారికి తగిలించేస్తుంది. ఒక్కో బాణానికి మిగిలేది రెప్పపాటే, కానీ ఏడు బాణాలకి ఏడు రెప్పపాట్లు.

చిక్కల్లా నొప్పి దగ్గరే. బలమైన వింటి నారి బొటనవేలి మెత్తటి కండలో దిగిపోతుంది. పదో బాణానికి చర్మం లేస్తుంది. అందుకే ఉంగరం. ఉంగరమంటే రాళ్ళు పొదిగి వేలికి పెట్టుకునేది కాదు. టర్కీ, పర్షియా, మొఘల్ ఉంగరాలకి లోపలి వైపు నీటిచుక్క ఆకారంలో ఒక నాలుక ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. నారి ఆ నాలుక వెనక ఆనుతుంది, బరువంతా నాలుక మోస్తుంది, వదిలినప్పుడు నున్నటి రాతి మీద జారి పోతుంది. పర్షియన్లో దీన్ని జిహ్‌గీర్ అంటారు. జిహ్ అంటే నారి, గీర్ అంటే పట్టేది. చైనాలో మంచూలు వాడింది నాలుక లేని గొట్టం లాంటి ఉంగరం. జపాన్‌వాళ్ళు ఉంగరం మానేసి బొటనవేలి దగ్గర గట్టిగా ఉండే తోలు చేతితొడుగు చేసుకున్నారు. కొమ్ము, దంతం, జేడ్ రాయి, అకీకు, ఇత్తడి, వెండి, ఏది దొరికితే దానితో చేశారు. ఇదంతా ఎప్పటిదనుకున్నారు? చైనాలో ఆన్యాంగ్ దగ్గర 1976లో ఫూహావ్ అనే రాణి సమాధి బయటపడింది. ఆవిడ స్వయంగా సేనలు నడిపింది. ఆ సమాధిలో నారి ఆనడానికి గాడి ఉన్న జేడ్ బొటనవేలి ఉంగరం దొరికింది. క్రీస్తుపూర్వం 1200 ప్రాంతం నాటిది.

మనవైపు ఏముంది అని వెతికితే ముందు మాటలు దొరికాయి. రామాయణంలో విశ్వామిత్రుడి వెంట వెళ్తున్న రామలక్ష్మణుల వర్ణనలో గోధ, అంగుళిత్రాణం అని వస్తాయి. గోధ అంటే ఉడుము. నారి తగలకుండా ముంజేతికి కట్టుకునే ఉడుముతోలు పట్టీకి ఆ పేరే వచ్చింది. అంగుళిత్రాణం వేళ్ళని కాపాడేది. వాసిష్ఠ ధనుర్వేదం అని, రామాయణభారతాలకి చాలా తర్వాతి పుస్తకం ఒకటుంది. అందులో నారి పట్టే పిడికిళ్ళు ఐదు చెప్పారు: పతాక, వజ్రముష్టి, సింహకర్ణం, మత్సరి, కాకతుండి. సింహకర్ణానికీ మత్సరికీ తేడా ఎక్కడుందయ్యా అంటే చూపుడువేలి కొస బొటనవేలికి ఏచోట తగలాలన్నదాంట్లో. మధ్యలోనా, గోటి మొదట్లోనా అన్నది ఒక సెట్టింగ్. మాన్యువల్ అంత వివరంగా రాశారంటే బొటనవేలు అక్కడ ఎంత పని చేస్తోందో చూడండి.

మొత్తం దేశమంతా ఒకటే పద్ధతి అని మాత్రం అనట్లేదు. అలెగ్జాండర్ నౌకాధిపతి నియార్కస్ చూసిన భారతీయ కాల్బలం దగ్గర మనిషంత పొడుగు విల్లులుండేవట. ఒక కొసని నేలకి ఆనించి, ఎడమ పాదంతో అదిమిపెట్టి లాగేవాళ్ళట. అది వేరే ఆయుధం, వేరే పట్టు. మధ్యప్రదేశ్‌లో భిల్లులు కొందరు ఏకలవ్యుడి మీద గౌరవంతో ఇప్పటికీ బొటనవేలు తగలకుండా బాణం వేస్తారని వార్తల్లో వచ్చింది. వెదురు విల్లుకి రెండు వేళ్ళు సరిపోతాయి, అదీ నిజమే. కానీ తమ చేతిపట్టుకి కారణంగా వాళ్ళు చెప్పుకుంటున్నది ఎవర్నో చూడండి. మహాభారతం ఎప్పుడు జరిగింది, జరిగిందా లేదా అన్న యుద్ధంలోకి నేను దిగను. ఆ కథ రాసినవాడికి బొటనవేలితో లాగే విలువిద్య తెలుసు, అది పోతే ఏం పోతుందో కూడా తెలుసు. అంతవరకే నా వాదన.

ఇక మన చరిత్రలో ఈ విద్య కోసం ఒక రాజు చేసిన పని చెప్పాలి. శ్రీనాథుడికి కనకాభిషేకం చేయించిన ప్రౌఢదేవరాయలు మనకి గుర్తే. డిండిమభట్టు కంచుఢక్క పగలగొట్టించిన కథ మనం స్కూల్లోనే విన్నాం. ఆయనే రెండో దేవరాయలు, 1422 నుంచి 1446 దాకా విజయనగరాన్ని ఏలినవాడు. ఆయనకి బహమనీలతో యుద్ధాలు. మనుషులు ఎక్కువ, డబ్బు ఎక్కువ, దేశం పెద్దది, అయినా గెలవలేకపోతున్నాడు. కొలువులో మీటింగ్ పెట్టి కారణమేంటని అడిగాడట. మన భాషలో రూట్ కాజ్ ఎనాలిసిస్. కొందరు విధి అన్నారు. (ఇది అన్ని మీటింగుల్లోనూ ఉంటుంది.) మిగిలినవాళ్ళు అసలు సంగతి చెప్పారు. ఒకటి, వాళ్ళ గుర్రాలు మంచివి. రెండు, వాళ్ళ దగ్గర గొప్ప విలుకాళ్ళున్నారు. ఇదంతా ఫిరిస్తా రాశాడు. ఆయన బీజాపూరు కొలువులో కూర్చుని, నూటయాభై ఏళ్ళు దాటాక రాసినవాడు కాబట్టి అంకెల్ని చిటికెడు ఉప్పు జల్లుకునే చదవాలి. అయినా కథ వినండి. దేవరాయలు ముస్లిం సైనికుల్ని కొలువులో చేర్చుకున్నాడు, జాగీర్లిచ్చాడు, నగరంలో మసీదు కట్టించాడు. వాళ్ళు తనకి నమస్కరించడానికి ఇబ్బంది పడకుండా సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడు. వాళ్ళచేత తన సైనికులకి విలువిద్య నేర్పించాడు. చివరికి తేలిన లెక్క 2,000 మంది ముస్లింలు, విలువిద్యలో ఆరితేరిన 60,000 మంది హిందువులు. ఒక్కో ట్రైనరుకి ముప్ఫైమంది. మంచి బ్యాచ్ సైజే. హంపీలో ఆ కాలపు గుర్తు కూడా ఒకటుంది. అహ్మద్ ఖాన్ అనే ఉద్యోగి 1439లో దేవరాయల పుణ్యం కోసం ధర్మశాల కట్టించినట్టు శాసనం వేయించాడు. మసీదుని ధర్మశాల అని రాయించాడంటారు.

ఫిరిస్తా విలుకాళ్ళని మాత్రమే అన్నాడు. కానీ బహమనీ సైన్యంలో నడిచింది తురుష్క, పర్షియన్ విలువిద్య. గుర్రం మీంచి, కొమ్మూ నరాలూ కర్రా కలిపి అతికిన పొట్టి వింటితో, బొటనవేలితో. (కొమ్ముతో చేసిన వింటికి తెలుగులో సింగిణి అని పాత మాట ఉంది, ఇప్పుడెవరూ వాడరు.) దేవరాయల సైనికుడొకడు పాత పట్టు వదిలేసి ముప్ఫైమంది బ్యాచ్‌లో కూర్చుని కొత్తగా బొటనవేలు వంచడం నేర్చుకుంటున్న దృశ్యం నాకు తెగ నచ్చింది. 1443లో ఆ సైన్యంతోనే తుంగభద్ర దాటి ముద్గల్ పట్టుకున్నాడు. యుద్ధం చివరికి సంధితో ముగిసింది, అది వేరే సంగతి. ద్రోణుడు రాజ్యంలో ఒక్కడికే ఆ విద్య చాలనుకున్నాడు. ఈయన అరవైవేల మందికి నేర్పించాడు. పోలిక అతికినట్టు ఉండదని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఉంగరాన్ని కళ్ళారా చూడాలంటే చైనా వెళ్ళక్కర్లేదు. హైదరాబాదులో ఉంటున్నవాళ్ళు నయాపూల్ దాకా వెళ్తే చాలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ వస్తువుల గదిలో షాజహాన్ బొటనవేలి ఉంగరం ఉంది. దానిమీద సాహెబ్-ఎ-ఖిరాన్-ఎ-సానీ అన్న బిరుదు, హిజ్రీ 1040 అన్న తేదీ చెక్కి ఉన్నాయి. అంటే 1630. శుభగ్రహాల కలయికలో పుట్టిన రెండో ప్రభువు అని ఆ బిరుదుకి అర్థం. మొదటివాడు తైమూర్. నేను ఇదివరకు మూడుసార్లు ఆ మ్యూజియానికి వెళ్ళాను. మూడుసార్లూ అందరిలాగే గంటలు కొట్టే గడియారం ముందు నిలబడి, ముసుగు రెబెకాని చూసి, క్యాంటీన్లో టీ తాగి వచ్చేశాను. నాలుగోసారి ఉంగరం కోసమే వెళ్ళాను. చిన్నది. ముదురు ఆకుపచ్చ. ఆ నాలుక చూడగానే, నారి ఎక్కడ ఆనుతుందో నా బొటనవేలికి తెలిసిపోయింది. పక్కనున్నవాళ్ళు అదేదో నగ అనుకుని వెళ్ళిపోతున్నారు. తాజ్‌మహల్ కట్టించినాయన టూలు అది.

అన్నట్టు ఈ షాజహాన్ మనవైపు వచ్చాడు. రాజు కాకముందు తండ్రి జహంగీర్ మీద తిరగబడి, తరుముతుంటే 1623లో గోల్కొండ రాజ్యం గుండా మచిలీపట్నం చేరి, అట్నుంచి ఒరిస్సా వైపు వెళ్ళాడు. హైదరాబాదు నుంచి బందరు పోవాలంటే మా కొండపల్లి, బెజవాడ ఎంతో దూరం కాదు. అప్పుడు ఆయన వేలికి ఏ ఉంగరముందో గానీ ఇది మాత్రం కాదు, ఇది ఏడేళ్ళ తర్వాతిది.

తుపాకి రాగానే విల్లు పోలేదు. తుపాకి ఒకసారి పేల్చి మళ్ళీ మందు కూరేలోపు విలుకాడు చాలా బాణాలు వెయ్యగలడు. కానీ తుపాకి వారాల్లో వస్తుంది, విల్లు ఏళ్ళకి గానీ రాదు. చైనాలో సైనిక పరీక్షల్లో 1901 దాకా విలువిద్య ఉంది, ఆ ఏడే పరీక్షలు ఎత్తేశారు. ఉంగరం మాత్రం విల్లు పట్టని బాబుల వేళ్ళకి గొప్పకోసం ఇంకొన్నాళ్ళు ఉంది. మనదగ్గర అదీ లేదు. ఆధునిక ఆర్చరీ ఇంగ్లండు నుంచి వచ్చింది, వాళ్ళది మధ్యధరా పట్టు. అలా మా చెల్లి బొటనవేలు లోపలికి ముడుచుకుంది. టర్కీ తన సంప్రదాయ విలువిద్యని 2019లో యునెస్కో జాబితాలో పెట్టించుకుంది. కొరియాలో, మంగోలియాలో ఇప్పటికీ బొటనవేలితో లాగేవాళ్ళున్నారు. ఒక తమాషా ఏంటంటే కాంపౌండ్ వింటికి నారిని వేళ్ళతో లాగరు, రిలీజ్ అనే చిన్న పరికరంతో లాగుతారు. వాటిల్లో చాలా రకాలకి మీట బొటనవేలి కిందే ఉంటుంది.

చదివింది చాలు, చేసి చూద్దామనిపించింది. త్రీడీ ప్రింటర్ ఉన్న స్నేహితుడితో ఉంగరం అచ్చు వేయించుకుని సంక్రాంతికి ఊరెళ్ళాను. మా చెల్లి వింటికి బాణం పెట్టే చోటు ఎడమపక్కనే ఉంటుంది కాబట్టి అది పనికిరాదు. తాతయ్య కాయలు కోసే చిక్కం కర్రల్లోంచి ముదురు వెదురు ఒకటి తీసి చీల్చి, బద్ద నున్నగా చెక్కి, నైలాన్ తాడు పురి వేసి విల్లు చేసిచ్చాడు. ఎడమచేత్తో కత్తి పట్టుకుని, కుడిచేతి నాలుగు వేళ్ళతో బద్దని అదిమిపెట్టి. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైంది. తోటలో ఊకబస్తాలు నిలబెట్టి, వాటి వెనక ఎవరూ లేకుండా చూసుకుని, చెల్లి పాత అల్యూమినియం బాణాలు తీసుకున్నాం.

మొదటి బాణం లాగుతుండగానే జారి కింద పడింది. రెండోదీ అంతే. అలవాటుకొద్దీ చెల్లి చెప్పినట్టు ఎడమపక్కన పెట్టానని అప్పుడు వెలిగింది. కుడిపక్కకి మార్చాక బాణం అతుక్కున్నట్టు నిలబడింది. వదిలితే బాణంతో పాటు ఉంగరం కూడా పోయింది. గడ్డిలో పావుగంట వెతుక్కున్నాం. అచ్చంగా గుండ్రంగా చేయించడం నా తప్పు. బొటనవేలు గుండ్రంగా ఉండదు, వెడల్పుగా ఉంటుంది. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంటే, అడ్డంగా ఎక్కించి పావువంతు తిప్పితే కణుపు దగ్గర బిగుసుకుంటుంది. ఆ సంగతి చదివాను కూడా. చదవడం వేరు, ఉంగరం గడ్డిలో పడ్డం వేరు. అదృష్టం కొద్దీ రెండో సైజు అలాగే చేయించి ఉంచాను. సాయంత్రానికి పది బాణాల్లో నాలుగైదు బస్తాకి తగిలాయి. బొటనవేలి మొదట్లో నీలంగా కమిలింది, వారంపాటు స్పేస్‌బార్ కొట్టినప్పుడల్లా గుర్తొచ్చింది. వేగంగా వేశానని అబద్ధం చెప్పను. కానీ బాణం తీసిన చెయ్యి నేరుగా నారి మీదకి ఎలా వస్తుందో మాత్రం అర్థమైంది.

తాతయ్య అంతసేపూ చూసి విల్లు అడిగి తీసుకున్నాడు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు కొక్కెంలా వేసి లాగాడు. అంటే మా చెల్లి పద్ధతే, ఎవరూ చెప్పకుండా. బాణం బస్తాలో దిగింది.

"వెళ్ళిందిగా," అన్నాడు. తర్వాత బస్తా మీద కూర్చుని చెప్పాడు. వేలు పోకముందు ఆయన కోతకి వెళ్తే చెట్టుకి ఆయనే ముందు. కాయని అరచేత్తో పట్టి, బొటనవేలితో ముచ్చిక దగ్గర నొక్కితే సొన కారకుండా తెగేదట. వేలు పోయాక కూడా కోశాడు. కానీ ఇద్దరు కుర్రాళ్ళు నాలుగు గంపలు నింపేసరికి ఈయన ఒకటి. ఆ తోటాయన రెండో ఏడు కోతకి పిలవలేదు. కాపలాకి పెట్టుకుని సగం కూలి ఇచ్చాడు. "చెయ్యి ఉందిగా, పని చెయ్యలేవా అని అడిగేవోళ్ళు. చేసేవోణ్ణే. ముందటిలా కాదు. ఆ ముక్క ఎట్టా చెప్పాల్రా జనానికి?"

నేనేం మాట్లాడలేదు. ఉంగరం తీసి తుడుస్తుంటే ఇలా ఇవ్వమన్నాడు. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి ఎడమ బొటనవేలికి అడ్డంగా ఎక్కించి, పావువంతు తిప్పాడు. సరిగ్గా పట్టింది.

"పొద్దుగూకింది, రేపు పొద్దున చూద్దాం," అంటూ విల్లు చంకలో పెట్టుకుని లేచాడు.

"తాతయ్యా, ఎడమచేత్తో అయితే బాణం వింటికి ఎడమపక్కన పెట్టాలి," అంది చెల్లి వెనక నుంచి.